ది లాజ్: కర్త కాదన్నా శ్రోతలు వదలని ఆల్బమ్

లివర్‌పూల్ బృందం ‘ది లాజ్’ చేసిన ఒకే ఒక్క స్టూడియో ఆల్బమ్ 1990 అక్టోబరు 1న విడుదలైంది. దాని పేరూ ‘ది లాజ్’. పన్నెండు పాటలు, అన్నీ కలిపి దాదాపు 35 నిమిషాలు. ఆ పాటలన్నీ రాసి పాడిన లీ మేవర్స్, ఆల్బమ్ అంగళ్ళలోకి వచ్చిన రోజుల్లోనే తనకది నచ్చలేదని పత్రికల వాళ్ళకు చెప్పాడు. తాను కోరుకున్న ధ్వని అందులో లేదన్నాడు. ఆ తర్వాత ఆ బృందం నుంచి రెండో ఆల్బమ్ రాలేదు. కర్త కాదన్న ఆ రికార్డును శ్రోతలు మాత్రం ఇన్నేళ్ళుగా వింటూనే ఉన్నారు, దాని మీద వాదించుకుంటూనే ఉన్నారు.

ఆ వాదనల్లో నాలుగు పక్షాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఇది లోపం లేని గిటార్ పాప్ ఆల్బమ్ అనేది మొదటి పక్షం. మేవర్స్ చెప్పిందే నిజం, విడుదలైంది అసలు ఆల్బమ్ కాదు అనేది రెండోది. ఒక్క గొప్ప పాట చుట్టూ అల్లిన మామూలు ఆల్బమ్ అనేది మూడోది. అరవైల నాటి సంగీతానికి నకలు తప్ప ఇందులో కొత్తదనం లేదనేది నాలుగోది. ప్రతి పక్షం దగ్గరా వినదగిన కారణాలున్నాయి. వాటిని ఒక్కొక్కటిగా పరిశీలించి, ఏది ఎంతవరకు నిలుస్తుందో చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ గిటార్ మోగే తీరు

ముందు ఈ సంగీతం ఏ కుదురు నుంచి వచ్చిందో తెలియాలి. గిటార్ కార్డ్‌ను ఒక్కసారిగా బాదకుండా, అందులోని తీగలను విడివిడిగా మీటుతూ, ఒక్కో స్వరం మోగుతుండగానే దాని మీద మరొకటి పడేలా వాయించడం ఈ పద్ధతికి ప్రాణం. చెవికి అది గజ్జెల మోతలా తాకుతుంది. ఈ మోతను లోకానికి పరిచయం చేసింది పన్నెండు తీగల రికెన్‌బ్యాకర్ గిటార్. ఆ గిటార్‌లో తీగలు జంటలుగా ఉంటాయి. మందంగా ఉండే నాలుగు జంటల్లో ఒక తీగ కింది స్థాయిలో పలికితే, రెండోది అదే స్వరాన్ని పై స్థాయిలో పలుకుతుంది. అందుకే ఒక్క మీటుకే రెండు గిటార్లు మోగినట్టుంటుంది. 1964లో ‘ఎ హార్డ్ డేస్ నైట్’ చిత్రంలో జార్జ్ హారిసన్ చేతిలో ఆ గిటార్‌ను చూసి, అమెరికాలో రోజర్ మెగ్విన్ తానూ ఒకటి పట్టాడు. మరుసటి ఏడాదే ది బర్డ్స్ బృందంతో దాన్ని ఒక శైలిగా నిలబెట్టాడు.

ఎనభైలలో ఈ శైలి బ్రిటన్‌లో మళ్ళీ చిగురించింది. గ్లాస్గోలోని పోస్ట్‌కార్డ్ రికార్డ్స్ నుంచి ఆరెంజ్ జ్యూస్, ఆజ్టెక్ కెమెరా వచ్చాయి. 1983లో మాంచెస్టర్ నుంచి ది స్మిత్స్ మొదటి సింగిల్ వెలువడింది. ఆ బృందంలో జానీ మార్ వేళ్ళు తర్వాతి తరం గిటారిస్టులకు పాఠశాలగా మారాయి. 1986లో ఎన్‌ఎమ్‌ఈ పత్రిక ‘సి86’ పేరుతో 22 బృందాల పాటల క్యాసెట్ తెచ్చింది. అప్పటి నుంచి ఆ పేరే ఒక తరహా సంగీతానికి గుర్తుగా నిలిచింది. మరుసటి ఏడాది బ్రిస్టల్‌లో మొదలైన శారా రికార్డ్స్ అదే దారిని మరింత మృదువుగా కొనసాగించింది.

ది లాజ్ ఈ వరుసకు చెందుతూనే కాస్త ఎడంగా నిలుస్తుంది. వాళ్ళ గిటార్లు మోగుతాయి, కానీ లయ మాత్రం స్కిఫిల్‌ది. యాభైలలో లానీ డోనెగన్ బ్రిటన్‌లో ప్రచారంలోకి తెచ్చిన ఆ చవక వాయిద్యాల సంగీతంతోనే లివర్‌పూల్ కుర్రాళ్ళు ఎందరో బృందాలు కట్టడం నేర్చుకున్నారు. జాన్ లెనన్ మొదటి బృందం కూడా స్కిఫిల్ బృందమే. ‘సన్ ఆఫ్ ఎ గన్’, ‘డోల్‌డ్రమ్’ వింటుంటే ఆ పాత ఊపు కాళ్ళకు తగులుతుంది.

రెండేళ్ళు, ఎందరో నిర్మాతలు

ఎనభైల మొదట్లో మైక్ బ్యాడ్జర్ మొదలుపెట్టిన ఈ బృందంలోకి మేవర్స్ తర్వాత వచ్చి చేరాడు. 1986 చివర్లో బ్యాడ్జర్ వెళ్ళిపోయాక పగ్గాలు మేవర్స్ చేతికొచ్చాయి. 1987లో గో! డిస్క్స్‌తో ఒప్పందం కుదిరింది. ఆ పైన మొదలయ్యాయి అసలు తిప్పలు. బాబ్ ఆండ్రూస్, జాన్ పోర్టర్, జాన్ లెకీ, మైక్ హెడ్జెస్ ఒకరి తర్వాత ఒకరు రికార్డింగ్‌కు కూర్చున్నారు. ప్రతిసారీ అవే పాటలు, ప్రతిసారీ అదే తిరస్కారం. జాన్ పవర్ ఒక్కడే బేస్ గిటార్‌తో చాలాకాలం పక్కన నిలిచాడు. డ్రమ్స్ దగ్గరా, రెండో గిటార్ దగ్గరా మనుషులు మారుతూ వచ్చారు. చివరికి వాటి దగ్గర కుదురుకున్నవాళ్ళు మేవర్స్ తమ్ముడు నీల్, గిటారిస్టు పీటర్ కామెల్.

1989 డిసెంబరులో స్టీవ్ లిల్లీవైట్ వచ్చాడు. యూటూ మొదటి మూడు ఆల్బమ్‌ల నిర్మాత ఆయనే. కొన్ని వారాల పని తర్వాత బృందం మళ్ళీ చేతులెత్తేసింది. అప్పటికే చాలా ఖర్చు పెట్టిన కంపెనీ ఇక ఆగలేదు. ఉన్న టేపులతోనే లిల్లీవైట్ ఆల్బమ్‌ను పూర్తిచేశాడు. ఇతర వాయిద్యాలకు దారి చూపడానికి మాత్రమే పాడిన గాత్రాలు కూడా తుది రికార్డులోకి వెళ్ళాయన్నది మేవర్స్ పెట్టిన ప్రధాన ఫిర్యాదుల్లో ఒకటి. శ్రోతల వాదనలన్నిటికీ మూలం ఈ ఘట్టమే.

మొదటి పక్షం: ఉన్నది ఉన్నట్టుగా గొప్పది

ఈ ఆల్బమ్‌ను పూర్తిగా ప్రేమించేవాళ్ళు ముందుగా చెప్పేది బాణీల గురించి. పన్నెండింటిలో ఒకసారి విని మరచిపోయే పాట లేదంటారు. మాట కాస్త ఎక్కువే అయినా, చాలావరకు నిజం. ‘సన్ ఆఫ్ ఎ గన్’ రెండు నిమిషాల లోపే ముగుస్తుంది. ఆ కొద్ది సమయంలోనే అకూస్టిక్ గిటార్ గీతల మీద ఒక మనిషి గుణం మొత్తం మన ముందుకొస్తుంది. ‘టైమ్‌లెస్ మెలొడీ’లో పాట పుట్టే క్షణమే పాటకు వస్తువు. ‘లిబర్టీ షిప్’ రేవు పట్టణం నుంచి తప్ప మరెక్కడి నుంచీ రాలేని ఓడవాళ్ళ పాట. ‘వే ఔట్’ ఊగుతూ సాగే మూడు మాత్రల నడకలో తప్పించుకోవాలన్న ఆరాటాన్ని మోస్తుంది.

‘దేర్ షి గోస్’ను కాస్త దగ్గరగా చూడాలి. రెండు నిమిషాల నలభై సెకన్ల ఈ పాటలో చరణాలే లేవు. ఉన్నది పల్లవే. దాన్నే మాటలు కొద్దిగా మార్చి మళ్ళీ మళ్ళీ పాడతాడు, మధ్యలో ఒక్కచోట బాణీ పక్కకు మళ్ళి మళ్ళీ ఇంటికొస్తుంది. మొదట్లో వినిపించే గిటార్ వరుసే పాటకు గుర్తు. అది పై తీగల మీద మెట్లు దిగుతున్నట్టుగా వచ్చి, దిగిన చోటి నుంచే మళ్ళీ పైకి లేస్తుంది. గొంతు కూడా ఎత్తైన స్థాయిలోకి వెళ్ళి అక్కడే తేలుతుంది. పాట ఎక్కడా ముగింపుకు చేరినట్టనిపించదు. అందుకే అయిపోగానే మళ్ళీ మొదటి నుంచి వినాలనిపిస్తుంది. ఇంత తక్కువ సామగ్రితో ఇంత నిండుగా నిలిచిన పాప్ పాటలు అరుదని ఈ పక్షం అంటే కాదనడం కష్టం.

ఈ పక్షంలోనూ తేడాలున్నాయి. చివరి పాట ‘లుకింగ్ గ్లాస్’ దాదాపు ఎనిమిది నిమిషాలు సాగుతుంది. నెమ్మదిగా మొదలై, ఒక్కో పొరా చేర్చుకుంటూ, చివర్లో వేగం పుంజుకుంటుంది. కొందరికి అదే ఆల్బమ్ శిఖరం. చిన్న చిన్న పాటల క్లుప్తతకు అలవాటుపడిన మరికొందరికి అది సాగదీత. నాకు మొదటివారి మాటే సబబుగా తోస్తుంది. పదకొండు పాటలు బిగబట్టి ఉంచిన ఆరాటమంతా అక్కడ బయటికొస్తుంది. దాన్ని మూడు నిమిషాలకు కుదిస్తే ఆ విడుదల ఉండేది కాదు.

రెండో పక్షం: ఇది అసలు ఆల్బమ్ కాదు

ఈ పక్షం శ్రోతలు పాటలను కాదనరు, రికార్డింగ్‌ను కాదంటారు. డ్రమ్స్ మరీ శుభ్రంగా ఉన్నాయని, గిటార్లకు లేని నునుపు వచ్చిందని, బృందం ఒకే గదిలో ఊపిరి కలిపి వాయించిన భావన పోయిందని వీళ్ళ ఆరోపణ. వీళ్ళకు సాక్ష్యం లేకపోలేదు. బీబీసీ రేడియో కోసం చేసిన రికార్డింగులు 2006లో సీడీగా వచ్చాయి. 2008లో వచ్చిన డీలక్స్ ప్రతిలో మైక్ హెడ్జెస్ 1989లో చేసిన ఆల్బమ్ జతగా వెలువడింది. 2010లో ‘కాలిన్ ఆల్’ పేరుతో నాలుగు సీడీల పెట్టె వచ్చింది. ఒకే పాట నాలుగైదు రూపాల్లో ఇప్పుడు ఎవరైనా పక్కపక్కన పెట్టుకుని వినవచ్చు.

అలా విన్నప్పుడు ఈ వాదనకు సగం బలం చేకూరుతుంది. రేడియో రికార్డింగుల్లో ఈ పాటలకు ఒక తొందర ఉంది, ఆల్బమ్‌లో అది కొంత తగ్గింది. హెడ్జెస్ రూపంలో కొన్ని పాటలు మరింత మట్టివాసనతో నిలబడతాయి.

మిగతా సగం మాత్రం నిలవదు. దానికి కారణం మేవర్స్ స్వయంగా ఇచ్చాడు: హెడ్జెస్ రూపాన్ని కూడా ఆయన తిరస్కరించాడు. లెకీతో చేసిందీ అంతే. అంటే కర్త ఆమోదించిన ఆల్బమ్ అనేది ఏ అలమారలోనూ లేదు, అది ఆయన చెవిలోనే ఉంది. కర్త మాటను ఆధారం చేసుకుని లిల్లీవైట్ రూపాన్ని తోసిపుచ్చేవాళ్ళు, అదే మాట ప్రకారం హెడ్జెస్ రూపాన్నీ తోసిపుచ్చాలి. హెడ్జెస్‌దే మేలు అనదలచుకుంటే అనవచ్చు, కానీ అది కర్త తీర్పు కాదు, శ్రోత తీర్పు. ఆ సంగతి ఒప్పుకుంటే వాదన తేటపడుతుంది.

ఇక్కడ మరో సంగతి గమనించాలి. అందరూ మెచ్చే ‘దేర్ షి గోస్’ లిల్లీవైట్ దగ్గర మొదటి నుంచి రికార్డయిన పాట కాదు. అది 1988లో బాబ్ ఆండ్రూస్ చేసిన రికార్డింగ్, లిల్లీవైట్ దాన్ని కొత్తగా మిక్స్ చేశాడు. అంటే ఆల్బమ్ నిండా ఒకే చేతి నునుపు ఉందన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. వేర్వేరు రోజుల, వేర్వేరు గదుల శబ్దాలను ఒక నిర్మాత 35 నిమిషాల ఒకే ప్రయాణంగా కుదిర్చాడు. ఆ నేర్పును ఈ పక్షం తగినంత గుర్తించదు.

మూడో పక్షం: ఒక్క పాట ఆల్బమ్

అంకెలు ఈ పక్షానికి అనుకూలంగా కనిపిస్తాయి. 1990లో మళ్ళీ విడుదలైన ‘దేర్ షి గోస్’ బ్రిటన్ చార్టులో 13వ స్థానానికి ఎక్కింది. అదే ఏడాది ‘టైమ్‌లెస్ మెలొడీ’ 57 దగ్గర ఆగింది. 1991లో ‘ఫీలిన్’ 43 దాటలేదు. ఆల్బమ్ 30వ స్థానం చేరింది. సినిమాల వల్ల ఆ ఒక్క పాట ఇంకా దూరం పోయింది. 1993లో ‘సో ఐ మ్యారీడ్ యాన్ యాక్స్ మర్డరర్’ చిత్రంలో ది లాజ్ పాడిన రూపంతో పాటు ది బూ రాడ్లీస్ పాడిన రూపం కూడా ఉంది. 1998లో ‘ది పేరెంట్ ట్రాప్’ చిత్రం చూసిన పిల్లలు ఆ పాటతో పెరిగారు. 1999లో అమెరికన్ బృందం సిక్స్‌పెన్స్ నన్ ది రిచర్ పాడిన రూపం అక్కడి బిల్‌బోర్డ్ పట్టికలో 32వ స్థానానికి వెళ్ళింది, అసలు పాట అక్కడ 49 దగ్గరే ఆగింది.

ఈ అంకెలు చెప్పేది ఆ పాటకున్న విస్తృతిని. మిగతా పదకొండు పాటల విలువను అవి కొలవవు. చార్టు ఎంత నమ్మదగని కొలబద్దో ఇదే పాట చెబుతుంది. 1988లో మొదటిసారి సింగిల్‌గా వచ్చినప్పుడు ఇది 59వ స్థానం దాటలేదు. రెండేళ్ళలో పాట మారలేదు, చెవులు మారాయి. ఈ మధ్యలో 1989లో ది స్టోన్ రోజెస్ ఆల్బమ్ వచ్చింది, గిటార్ పాటలకు బ్రిటన్‌లో కొత్త తరం శ్రోతలు తయారయ్యారు. 59లో ఉన్నప్పుడూ పాట ఇంతే గొప్పది. అలాగే 57 దగ్గర ఆగిన ‘టైమ్‌లెస్ మెలొడీ’ తక్కువది కాదు.

ఈ పాట అర్థం మీద కూడా శ్రోతలు చీలిపోయారు. ప్రేమ పాట అని విన్నవాళ్ళున్నారు. హెరాయిన్ గురించి రాసిందన్న పుకారు ఏళ్ళ తరబడి నడిచింది, బృంద సభ్యులు దాన్ని ఖండించారు. క్రైస్తవ సంగీత రంగం నుంచి వచ్చిన సిక్స్‌పెన్స్ బృందం అదే పాటను ఏ ఇబ్బందీ లేకుండా పాడింది. ‘ఆమె’ ఎవరో పాట చెప్పదు. ఆ ఖాళీని ఎవరికి తోచినట్టు వాళ్ళు నింపుకున్నారు. ఆ పాట ఇంతమందికి సొంతమవడానికి అదీ ఒక కారణం.

నాలుగో పక్షం: పాతదానికి నకలు

1990 నాటి బ్రిటన్‌లో యువత హౌస్ సంగీతానికి ఆడుతోంది. శాంప్లర్ యంత్రాలు కొత్త శబ్దాలు పుట్టిస్తున్నాయి. మాంచెస్టర్ గిటార్ బృందాలే డిస్కో లయలను కలుపుకుంటున్నాయి. అలాంటి సమయంలో 1965 నాటి ధ్వని కోసం పట్టుబట్టడం వెనక్కి నడవడమేనని ఈ పక్షం అంటుంది. తొంభైలలో బ్రిటిష్ గిటార్ సంగీతం పాత ఆల్బమ్‌ల వైపే చూస్తూ ఉండిపోవడానికి ఇది బాట వేసిందనీ అంటుంది. ది లాజ్ మొదలుపెట్టినదాన్ని ఒయాసిస్ పూర్తిచేయాలన్నది తమ కోరికని నోయెల్ గాలగర్ చెప్పిన మాటను ఇందుకు సాక్ష్యంగా చూపిస్తారు. జాన్ పవర్ 1991లో బయటికి వెళ్ళి పెట్టిన కాస్ట్ బృందం 1995లో ‘ఆల్ చేంజ్’ ఆల్బమ్‌తో అదే బాటలో విజయం సాధించింది కూడా.

నాలుగు వాదనల్లో నన్ను ఎక్కువసేపు నిలబెట్టి ఆలోచింపజేసింది ఇదే. మేవర్స్‌కు పాత ధ్వని మీద మక్కువ ఉన్నది నిజం. కానీ ఆ ధ్వనిలో ఆయన పాడిన బతుకు అరవైలది కాదు. ఎనభైల లివర్‌పూల్‌లో రేవు పనులు తగ్గిపోయాయి, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, నిరుద్యోగం మూలంగా కుర్రాళ్ళు ప్రభుత్వ భృతి మీద రోజులు గడిపారు. 1981లో టాక్స్‌టెత్ వీధుల్లో అల్లర్లు చెలరేగాయి. ‘డోల్‌డ్రమ్’ ఆ భృతి బతుకులోని నిస్తేజాన్ని గంతులేసే లయలో పెట్టింది. ‘వే ఔట్’ దారి వెతుకుతుంది, ‘ఫ్రీడమ్ సాంగ్’ పాత కాబరే పాటల నడకలో స్వేచ్ఛను అడుగుతుంది, ‘ఫెయిల్యూర్’ గిటార్లను కసిగా బాది ఓటమిని పేరు పెట్టి పిలుస్తుంది. బీట్ బృందాల తొలిరోజుల్లో లివర్‌పూల్ కుర్రాళ్ళు పాడిన సంబరం వీటిలో లేదు. వాయిద్యం పాతదే, మోస్తున్న బరువు కొత్తది. నకలు అన్న ముద్ర ఇక్కడ సరిపోదు.

తర్వాత వచ్చినవాళ్ళు పాత ధ్వనిని ఎలా వాడుకున్నారన్నది వేరే ప్రశ్న. దాని జవాబుదారీ ఈ పన్నెండు పాటల మీద మోపడం న్యాయం కాదు.

కథ చెవిలో దూరితే

నాలుగు పక్షాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఈ ఆల్బమ్ మీద తీర్పులు చాలావరకు పాటల నుంచి పుట్టలేదు, కథ నుంచి పుట్టాయి. మేవర్స్ తిరస్కారం, మారుతూ వచ్చిన నిర్మాతలు, మళ్ళీ ఆల్బమ్ రాకపోవడం, ఇవన్నీ కలిసి ఒక పురాణంగా ఎదిగాయి. ఒక మిక్సింగ్ బల్ల మీద అసలైన అరవైల నాటి దుమ్ము లేదని ఆయన దాన్ని కాదన్నాడన్న కథ బ్రిటిష్ సంగీత లోకంలో అందరికీ తెలుసు. ఆ కథ విన్నవాళ్ళు ఆల్బమ్ పెట్టగానే ఆ దుమ్ము కోసమే వెతుకుతారు. డ్రమ్స్ శుభ్రంగా వినిపిస్తే లోపమంటారు. అదే శుభ్రత ఆ కాలపు మరో బృందం రికార్డులో ఉంటే పట్టించుకునేవాళ్ళు కారు.

సినిమాలోనో రేడియోలోనో పాట విని, ఆపైన ఆల్బమ్ కొనుక్కున్నవాళ్ళు చెప్పే మాట వేరుగా ఉంటుంది. వాళ్ళు బాణీల గురించి మాట్లాడతారు, ఏ పాట ముందు నచ్చిందో, ఏది ఆలస్యంగా ఎక్కిందో చెబుతారు. కథ తర్వాత తెలిసినప్పుడు చాలామంది ఆశ్చర్యపోతారు: ఇంత బాగున్నదాన్ని చేసినవాడే ఎలా కాదన్నాడు? ఆ ఆశ్చర్యం విలువైనది, ఎందుకంటే అది కథ చెప్పకముందే చెవి ఇచ్చిన తీర్పు.

దీనర్థం కర్త మాటకు విలువ లేదని కాదు. మేవర్స్ అసంతృప్తి ఈ పాటలను ఎలా వినాలో మనకు నేర్పుతుంది. ఆయన వెతికింది మెరుగు కాదు, పాట పుట్టిన క్షణంలోని వేడి. ఆ సంగతి తెలిశాక రేడియో రికార్డింగుల్లోని తొందర విలువ మరింత అర్థమవుతుంది. కానీ కర్త వెతికినది దొరకలేదన్న కారణంతో, దొరికినదాన్ని తక్కువ చేయడం శ్రోత చేసే పొరపాటు. ఊహలోని ఆల్బమ్‌తో పోటీపడి గెలిచే ఆల్బమ్ ఏదీ ఉండదు.

చివరికి తేలేది

విడుదలైన రూపమే ఆల్బమ్‌గా ఉత్తమమైనదని నా అభిప్రాయం. పాటల వరుస, నిడివి, చిన్న పాటలు పేర్చుకుంటూ పోయి ‘లుకింగ్ గ్లాస్’తో ముగించిన తీరు ఆ రూపంలోనే కుదిరాయి. ఆ వరుసలో అతి బలహీనమైనది ‘ఐ.ఓ.యూ.’ అనేవాళ్ళతో నాకు పేచీ లేదు. రెండు నిమిషాల పాట కాబట్టి అది ప్రయాణాన్ని ఆపదు. విడివిడి పాటలుగా చూస్తే మాత్రం కొన్నింటికి రేడియో రూపాలు, కొన్నింటికి హెడ్జెస్ రూపాలు పైచేయి సాధిస్తాయి. ఈ రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టేయవు. ఒక్క పాట ఆల్బమ్ అనే వాదన ఒక్కసారి పూర్తిగా వింటే వీగిపోతుంది. నకలు అనే వాదన శబ్దం దగ్గరే ఆగి మాటల దాకా రాదు.

కొత్తగా వినేవాళ్ళకు నా సలహా ఒక్కటే. బృందం చరిత్ర, మేవర్స్ ఇంటర్వ్యూలు, డీలక్స్ ప్రతులు, పెట్టెలు అన్నీ తర్వాత. ముందు 1990 నాటి పన్నెండు పాటలను అదే వరుసలో రెండు మూడుసార్లు వినండి. మీకు నచ్చినవేవో, నచ్చనివేవో తేల్చుకోండి. ఆ తర్వాత మిగతా రూపాలకు వెళ్ళండి. అప్పుడు మీ అభిప్రాయం మేవర్స్‌తో కలిసినా, విభేదించినా, అది మీ చెవి ఇచ్చిన తీర్పు అవుతుంది. ఈ ఆల్బమ్ మీద సాగుతున్న ఇంత పెద్ద చర్చలో ఇప్పటికీ కొరతగా ఉన్నది అలాంటి తీర్పులే.